నాయన కట్టిన కట్టు

1986లో మా మేనమామ సింగపూరు నుంచి రేడియో కారు తెచ్చాడు. జపాను తమియా కంపెనీ 1984లో విడుదల చేసిన గ్రాస్‌హాపర్. విడిభాగాలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. హోసూరులో మా అరుగు మీద నాయనా నేనూ వారం రోజులు కూర్చుని బిగించాం. నెల తిరక్కుండానే రాతికి గుద్ది ముందు చక్రం చేయి విరగ్గొట్టాను. ఆ ఏడే లెక్కల్లో తప్పాను.

"గట్టెక్కితే ఇస్తా" అని నాయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. గట్టెక్కాను. పౌరుషం కొద్దీ అడగలేదు, ఆయనా తీసివ్వలేదు. బి.కాం. చదివి బ్యాంకులో చేరాను.

ఆయన పోయాక బీరువా తెరిచాం. విరిగిన చేయికి రేకు ముక్క ఆన్చి రాగితీగ చుట్టి ఉంది. పక్కనే మాత్రల పొట్లంలో నాలుగు మరలు. పైన నాయన రాత: "పెద్దోడి కారువి. పారేయొద్దు."

తమియా ఆ మోడల్‌ను 2005లో మళ్లీ తెచ్చింది కనుక భాగాలు దొరికాయి. తెల్లగా పూసిన నికెల్ కాడ్మియం బ్యాటరీ తీసి, 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్‌ది పెట్టాను. వేడెక్కే రెసిస్టరు బదులు ఎలక్ట్రానిక్ వేగ నియంత్రణ, పాత రేడియో బదులు 2.4 గిగాహెర్ట్జ్‌ది వేశాను. కొత్త చేయీ తెప్పించాను. బ్యాంకు లెక్కన తరుగుదల పోను పాతదాని విలువ సున్నా. అయినా మార్చడానికి చేతులు రాలేదు.

తమిళ బడిలో చదివిన మా అమ్మాయి పొట్లం చూసి, "ఏం రాసుంది నాన్నా?" అంది. చదివి వినిపించాను. మర్నాడు ఆ రెండు ముక్కలూ చూసి రాసుకుంటూ కనిపించింది.

కొత్త చేయి ఇంకా కవరులోనే ఉంది. కారు మెల్లగా నడుపుతున్నాం.