మీట నొక్కుటకు వెల

కళ్యాణదుర్గమున నా భర్తయు నేనును ఛాయాచిత్రములు తీసి జీవించువారము. పెండ్లికూతు నలంకరించు గదిలోనికి పురుషులు పోరాదు గనుక ఆ పని నాది. ఇది నేటి వింత కాదు. హైదరాబాదులో లాలా దీన్‌దయాళుగారు 1892లోనే ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక చిత్రశాల నేర్పఱచి, దాని నొక ఆంగ్లేయ వనిత కప్పగించిరి.

మా యూర ధర మాటలాడుట కొక పద్ధతి కలదు. పెండ్లివారు వంటవానితోను, మేళగాండ్రతోను, పందిరివానితోను బేరము ముగించుకొని, మిగిలిన సొమ్ముతో కడపట మా యొద్దకు వత్తురు. "మీట నొక్కేదానికి ఇంత దుడ్డా అక్కా? మా పిల్లోని సెల్లులో ఉత్తనే వస్తాది గదా!" అందురు. పొయ్యి వెలిగించుట కింత సొమ్మా యని వంటవాని నెవరు నడుగరు.

మీట నొక్కుట క్షణమాత్రమే, కాదనను. కాని తెల్లవారుజామున నిద్ర నాపుకొని, అడ్డువచ్చు మేనమామ భుజమును తప్పించుకొని, ఆ క్షణమునకు ముందే తగిన చోట నిలుచుట క్షణములో వచ్చిన విద్య కాదు. పప్పున నుప్పు తగ్గిన రెండవ బంతికి సరిచేయవచ్చును. జీలకఱ్ఱ బెల్లము పెట్టు గడియ మరల రాదు. పిమ్మట రెండువేల చిత్రములనుండి రెండువందలు ఏరవలెను, వెలుతురు సరిచేయవలెను, పుటలు కూర్పవలెను. ఇదంతయు రాత్రుల పని. కాయలొలుచు కూలికి పోవు నొకామె మాత్రము, "ఇవన్నీ ఏరేదానికి ఎన్ని రాత్రులు కూర్చుంటావమ్మా?" అని యడిగినది. అట్టి ప్రశ్న మేడలవా రెన్నడు నడుగలేదు.

లేమిని నేను నిందింపను. మాది వాన కఱవైన సీమ. వేరుసెనగ ఊడలు దిగువేళ వాన మొగము చాటువేసినచో ఎవరియింట సొమ్ముండును? పంట వచ్చినాక ఇత్తుమన్నవారికై ఏండ్లతరబడి వేచియున్నాము. బాధించునది అప్పు కాదు, ఇదియు నొక పనియేనా యను మాట. మన దేశపు మొదటి వార్తాచిత్రకారిణి యని పేరొందిన హోమాయ్ వ్యారావాలాగారి తొలి చిత్రములు భర్త పేరనే ప్రకటింపబడినవి. 2011లో పద్మవిభూషణము వచ్చునాటి కామెకు తొంబదియేడేండ్లు.

1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునుబట్టి, వేఱు ఒడంబడిక లేనిచో, ఒకరు కోరి వెలయిచ్చి తీయించుకొన్న చిత్రముపై హక్కు వారిదే. మాకు మిగులునది కూలి యొక్కటే. ఆ చట్టమున వెలయిచ్చి యను మాట కూడ నున్నదని మా యూరివారి కెవరైన చెప్పిన బాగుండును!

ఒక యింటివారు పెండ్లి చిత్రములకు సగము సొమ్మే యిచ్చి, ఆల్బము ప్రియమని తీసికొనక పోయిరి. నాలుగేండ్లకు వారి యవ్వ గతించినది. కర్మనాడు పెట్టుకొనుటకు పటము లేదు. చేతిఫోనులు మాఱినవి, అందలి బొమ్మలు పోయినవి. మేము దాచిన పెండ్లిచిత్రములలో అవ్వ యొక్కచోట, జనము నడుమ, నవ్వుచు కనబడినది. ప్రక్కవారి చేయి తొలగించి, చెఱగిన కొంగంచు కూర్చి, ముఖము పెద్దది చేయుటకు రెండు రాత్రులు పట్టినది. ధర చెప్పితిని.

"పాత ఫోటోకే మళ్ళీ దుడ్డా?" అని పెద్దకొడు కనెను.

కోడలు పటము నందుకొని చాలసేపు చూచి, మాఱుమాటలాడక కొంగుముడి విప్పి యిచ్చినది. పెండ్లినాటి బాకీ మా పుస్తకమున నింకను నున్నది.