పట్టణపు జిల్లాలో పాడియు పెరడును

పెరటిలో నాలుగు కూరపాదులు, కొట్టములో నొక యావు, నూతిలో తీయని నీరు, పిల్లలకు దగ్గరలో మంచి పాఠశాల - ఇన్నియు నొక్కచోట నమరవలెనని కోరని గృహిణి యుండదు. పల్లెలో మొదటి మూడును గలవు, నాల్గవది దూరము. నగరమందు నాల్గవది గలదు, మొదటి మూడును లేవు. రెంటికి నడుమనున్న చోట నివి దొరకునా యని మేము మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాను మూలమూలలు చూచి వచ్చితిమి. మామగారి వాటాకు వచ్చిన రెండెకరముల మాగాణి నమ్మిన సొమ్ము మాచేత నున్నది. అది యొకసారి చేయిజారినచో ఉపాధ్యాయుని జీతముతో మరల కూడబెట్టుట కలలోని మాట. అందుచేతనే యింత విచారణ.

హైదరాబాదునకు ఉత్తరమునను తూర్పునను వ్యాపించిన యీ జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన రంగారెడ్డి జిల్లానుండి వేరుపడినది. 2025 నాటికి దీనిలోని గ్రామపంచాయతీలన్నియు పురపాలకములలో గలిసిపోయినవి. అనగా కాగితముమీద నిచ్చట పల్లె యన్నదే లేదు! అయినను శామీర్‌పేట దాటి మూడుచింతలపల్లి వైపు పోయినచో వరిమళ్లును, మొక్కజొన్న చేలును, కూరతోటలును నేటికిని కన్నులకు చల్లదన మిచ్చుచున్నవి. ఒకప్పుడీ నగరపు పరిసరములు అనాబెషాహి ద్రాక్షకు పేరుపొందినవి. ఆ పందిళ్లు పెక్కుచోట్ల పోయి, ఇండ్లస్థలముల హద్దురాళ్లు వెలసినవి.

నేల యెర్రని చెలక. పశువులపెంట దండిగా వేసినచో వంగ, బెండ, చిక్కుడు, జామ, మామిడి చక్కగా పండును. చిక్కంతయు నీటివద్దనే యున్నది. మట్టి క్రింద కఠినమైన రాయి. ఆ రాతిపగుళ్లలో నిలిచిన నీరే బోరునకు దిక్కు. వాన సాలునకు ఇంచుమించు 800 మిల్లీమీటర్లు. అందులో చాలభాగము జూను మొదలు సెప్టెంబరు వరకే కురియును. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళాధ్యాయమున చెట్లనుబట్టియు పుట్టలనుబట్టియు భూగర్భజలమును గుర్తించు పద్ధతులు చెప్పియున్నాడు. మేము చూచిన స్థలములు పెక్కింటిలో చెట్టును లేదు, పుట్టయును లేదు. యంత్రముతో చదును చేసి యుంచినారు. ఇక వరాహమిహిరుడు మాత్ర మేమి చేయును?

కావున బంగారమువలె నీటికిని లెక్క వేసితిమి. అయిదు గుంటలనగా 605 గజములు. దానిలో కూరలు వేసి, ఎండకాలమున దినమునకు 5 మిల్లీమీటర్ల తడి యిచ్చినచో ఇంచుమించు 2,500 లీటర్లు కావలెను. ఇరువది లీటర్ల బిందెతో 125 బిందెలు! పాలిచ్చు ఆవునకు పచ్చగడ్డియే దినమునకు 25 మొదలు 30 కిలోలు. ఆ గడ్డికిని నీరు కావలెను గదా. ఇక నింటికప్పు 100 చదరపు మీటర్లున్నచో దానిపై పడు వాన 80,000 లీటర్లు. పోయినది పోగా 60,000 తొట్టిలో చేరినవనుకొందము. అయిదుగురికి మనిషికి పదేసి లీటర్లచొప్పున త్రాగుటకును వంటకును ఏటికి 18,250 చాలును. ఆ నీరే తోటకు పెట్టినచో ఇరువదినాలుగు దినములలో తొట్టి యెండిపోవును. కావున వాననీరు వంటింటికే. పెరటికి బోరు తప్పదు.

ఆ బోరు సంగతి మాకు తెలియజెప్పినది స్థలము చూపిన మధ్యవర్తి కాదు, ప్రక్క చేనిలో టమాట కోయుచున్న యొక ముదుసలి. “ఎంత లోతున్నదని అడగకు బిడ్డా, ఎండకాలంల ఎంతసేపు పోస్తదో అడుగు. దీపావళికి కాల్వ లెక్క పారుతది, ఎండలు ముదిరినంక గంట పోసి బుస్సుమంటది” అని యామె చెప్పినది. మేమంతవరకు కార్తికమాసములో పారిన ధారను చూచి మురియుచుంటిమి.

నీరు సమృద్ధిగానున్న చోటు చెరువు క్రింద గాని చెరువంచున గాని యుండును. అచ్చటనే వేరొక గండము. పది హెక్టారులు మొదలు ఆపైనున్న చెరువునకు నిండునీటి హద్దునుండి 30 మీటర్లు, చిన్న చెరువునకు 9 మీటర్లు దాటినగాని ఇల్లు కట్టరాదు. ఎండిన చెరువుగర్భమును చదునుచేసి యమ్మువారును గలరు. 2024లో ఏర్పడిన హైడ్రా యట్టి కట్టడములను కూల్చుట పత్రికలలో చూచితిమి. మా అత్తగారు చెరువంచు స్థలమునే మిక్కిలి మెచ్చుకొనిరి. అచ్చట కొంగలు వ్రాలుచుండెను, గాలియు చల్లగా నుండెను. వలదని చెప్పుటకు మావారికి నోరు రాలేదు. మేమే చెప్పవలసి వచ్చినది.

దక్షిణపు కొసను, ఘట్‌కేసర్ వైపు, మూసీ పారుచున్నది. అచ్చట నీటికి కొరత లేదు. నగరపు మురుగే యేటియందు పారును; ఆ నీటితో పారాగడ్డి పెంచి గేదెలను మేపుచున్నారు. పాడికది యనుకూలమే కావచ్చును. పిల్లలు తిను పచ్చికూర కా నీరు పెట్టుటకు మాకు మనసొప్పలేదు. జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల చుట్టుప్రక్కలను బోరునీటిని నమ్ముకొని కొనదలచువారు ముందుగా నీటిని పరీక్ష చేయించుకొనవలెను.

“ఫార్మ్ ప్లాట్” లనుపేర అయిదేసి గుంటల ముక్కలు, నాలుగు మామిడిమొక్కలతో, అంతటను అమ్మజూపుచున్నారు. అనుమతి లేకుండ వ్యవసాయభూమిని 2,000 చదరపు మీటర్లకు, అనగా సుమారు 20 గుంటలకు తక్కువగా ముక్కలుచేసి యమ్మరాదని నగరాభివృద్ధి సంస్థ హెచ్చరించియున్నది. లావాణి పట్టా భూములు 1977 నాటి చట్టముచేత క్రయవిక్రయములకు పనికిరావు. పాసుపుస్తకమందలి సర్వేనంబరు నిషేధిత జాబితాలో లేదని చూచుకొనినగాని బయానా ఈయరాదు. ఇవి పురుషుల పనులని మనము లోపల కూర్చుండరాదు. రేపు బిందె మోయునది మనమే.

ఇన్ని తీసివేయగా మూడుచింతలపల్లి దరిని 20 గుంటల చెలక యొకటి మిగిలినది. కాగితములు చక్కగా నున్నవి, చెరువు దూరము, శామీర్‌పేటకు బస్సు గలదు, మిగిలిన కూరలు ఇరుగుపొరుగున చెల్లును. జీతము మానుకొని దానిపై బ్రతుకవచ్చునని యెవరైన చెప్పినచో మేము నమ్మము. జీతముండగా కూరయు పాలును ఇంటివి కాగలవు, అంతవరకే. అమ్మువారు బయానాకు తొందర చేయుచున్నారు. వైశాఖమాసమున మిట్టమధ్యాహ్నమువేళ ప్రక్కబోరు ఎంతసేపు పోయునో గడియారము పట్టి చూచినపిమ్మటనే ఇత్తుమని చెప్పితిమి. ఈలోపల వేరొకరు కొనిన కొనుగాక యని మా అత్తగారే యనిరి. ఆమె గోంగూర, చిక్కుడు విత్తులు మాత్రము బూడిదలో కలిపి గుడ్డమూటలో భద్రపరచియున్నారు.