మూడు భాషల కొండ దాకా

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మావాడు ఫోన్ చేసి, "నాన్నా, సెప్టెంబర్లో పది రోజులు సెలవు పెడతా. అమ్మా నువ్వూ వచ్చేయండి. కార్లో తిరుగుదాం. ఎటు పోవాలో మీరే చెప్పండి" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి జహీరాబాద్‌లోని మా ఇంట్లో భోజనాల బల్ల మీద యూరప్ మ్యాపు తీయడం లేదు. కంచాలు దాని మీదే.

విన్నవాళ్లంతా సలహాలిచ్చారు. పారిస్ చూడకుండా యూరప్ ఏమిటని ఒకరు, రోమ్ వదిలేస్తే పాపమని ఇంకొకరు. ప్యాకేజీ టూర్లో ఏడు దేశాలు చుట్టి వచ్చిన మా పక్కింటాయనకు బస్సు సీటు తప్ప ఏదీ సరిగ్గా గుర్తు లేదు. మా లెక్క వేరు. వాణ్ణి పదో తరగతి అవగానే హైదరాబాద్‌లో కాలేజీ హాస్టల్లో వేశాం. తర్వాత ఇంజనీరింగు, ఉద్యోగం, జర్మనీ. ఇన్నేళ్లలో వాడు వరసగా పది రోజులు మా దగ్గరున్నది ఒక్కసారే, వాళ్ల నానమ్మ పోయినప్పుడు. అందుకే మ్యూజియంల క్యూలు వద్దన్నాను. ముగ్గురం ఒకే కార్లో కూర్చునే దారి కావాలి.

చివరికి దారి ఇలా తేలింది. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్. అక్కణ్నుంచి ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లాక్నర్ కొండదారి. 1935లో తెరిచిన ఈ దారి పొడవు 48 కిలోమీటర్లు, హెయిర్‌పిన్ మలుపులు 36. దిగితే లియెంజ్, అది దాటితే ఇటలీలో డోలమైట్ కొండలు, బోల్జానో. తర్వాత స్టెల్వియో కనుమ ఎక్కి, స్విట్జర్లాండ్‌లోకి దిగి, లీచ్‌టెన్‌స్టెయిన్ మీదుగా మళ్లీ మ్యూనిక్. అంతా కలిపి వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ. మన డ్రైవర్లకు ఒక్క రోజు పని. కానీ కొండల్లో కిలోమీటర్లు చూసి టైము లెక్కేస్తే కుదరదట.

ఇక్కడ ప్రయాణానికి ముహూర్తం పంచాంగం చెబుతుంది, అక్కడ మంచు చెబుతుంది. ఈ కనుమలు చలికాలమంతా మూసేసి ఉంటాయి. జూన్ నుంచి అక్టోబర్ దాకా నమ్మకం. జూలై, ఆగస్టుల్లో మోటారు సైకిళ్ల వాళ్లు కిక్కిరిసి ఉంటారు. సెప్టెంబర్ మంచిదని మావాడి మాట.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఎన్ని దేశాలు తిరిగినా షెంజెన్ వీసా ఒకటే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి అర్జీ పెట్టుకోవాలి. మనిషికి ఫీజు 90 యూరోలు, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆస్ట్రియాకు పది రోజుల టోల్ స్టిక్కరు దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో మాత్రం రెండు రోజులున్నా ఏడాదిదే కొనాలి, 40 ఫ్రాంకులు. ధనవంతుల దేశాల్లోనూ ఇలాంటి లెక్కలుంటాయి! సరిహద్దుల్లో గేట్లుండవు అంటారు గానీ, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది. పాస్‌పోర్టు జేబులోనే ఉండాలి. మాకిదేం కొత్త కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా మా చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర లారీలు ఎలా బారులు తీరేవో ఈ హైవే మీద తిరిగిన ఎవరినడిగినా చెబుతారు.

అసలు నేను స్టెల్వియో కావాలని పట్టుబట్టడానికి కారణం దాని ఎత్తు 2,757 మీటర్లని కాదు. ఆ కనుమ పక్కనే ఒక శిఖరం ఉంది. పేరు ద్రైష్‌ప్రాఖెన్‌ష్పిట్జె, అంటే మూడు భాషల శిఖరం. ఒకవైపు జర్మన్, ఒకవైపు ఇటాలియన్, మూడోవైపు రోమాన్ష్. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ అక్కడే కలిసేవి. యుద్ధం తర్వాత దక్షిణ టైరోల్‌ను ఆస్ట్రియా నుంచి తీసి ఇటలీకిచ్చారు. ఊళ్లు కదల్లేదు, గీత కదిలింది. ఈనాటికీ అక్కడ ఊరి బోర్డు మీద రెండు పేర్లు. కనుమ కింది ఊరు జర్మన్లో ప్రాడ్, ఇటాలియన్లో ప్రాతో.

ఇది చదివినప్పుడు మా ఆవిడ మొహం చూడాలి. ఆమెది నిర్ణా వైపు పల్లె. 1956 నవంబర్ 1న పాత బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేసి మైసూరుకు, బొంబాయికి, ఆంధ్రప్రదేశ్‌కు పంచినప్పుడు మా జహీరాబాద్ తాలూకా ఇటు వచ్చింది, అందులోని నిర్ణా సర్కిల్ మాత్రం కన్నడ దేశానికి పోయింది. బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఇటొచ్చింది. మా అత్తగారు కూతురితో కన్నడం, అల్లుడితో తెలుగు, కూరగాయలవాడితో ఉర్దూ మాట్లాడేది. మరాఠీ చుట్టాలొస్తే అదీ వచ్చేది. "అయితే అక్కడా మనసొంటోళ్లే ఉన్నరన్నమాట" అంది మా ఆవిడ.

చిక్కల్లా ఆమె కడుపుతోనే. శ్రీశైలం ఘాటులోనే రెండుసార్లు బస్సు ఆపించిన మనిషి. ప్రాడ్ వైపు నుంచి స్టెల్వియోకు 48 మలుపులు. స్విస్ వైపు ఉంబ్రెయిల్ దారిన ఎక్కితే మలుపులు తక్కువని, అలా వెళ్దామని మావాడన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. జహీరాబాద్ అల్లానికి ఆమాత్రం సత్తా లేదా అని మురబ్బా చేయడం మొదలుపెట్టింది. నెయ్యి, పాలకోవా మాత్రం సంచిలోంచి తీసేయించాను. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు వాళ్లు రానివ్వరు. కడక్ జొన్నరొట్టెలకు అడ్డు లేదు.

కొండమీద మబ్బు పడితే ఏమీ కనిపించదు కాబట్టి ప్రాడ్‌లో ఒక రాత్రి చాలదన్నాను. ఒక రాత్రి పెంచాలంటే ఏదో ఒకటి కొట్టేయాలి. లీచ్‌టెన్‌స్టెయిన్ పోయింది. అయిదో దేశం పోయిందని మావాడు కాసేపు గునిశాడు గానీ, మర్నాడే లాడ్జి వాళ్లతో మాట్లాడి ఫోన్ చేశాడు. మాకొకటి, వాడికొకటి, రెండు గదులు తీసుకోనా అని. మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఒకటే గది, మూడు మంచాలు వేయించమని చెప్పింది.