ఫ్లోరిడాలో ఆఫ్రికా, ఇంట్లో అత్తగారు

ఓర్లాండో వెళ్ళి వచ్చామంటే మనవాళ్ళు ముందుగా అడిగేది "పిల్లలు మికీ మౌస్‌తో ఫోటో దిగారా?" అని. మేము దిగలేదు. అసలు పిల్లని తీసుకువెళ్ళనే లేదు. పెళ్ళయి పదేళ్ళు నిండిన సందర్భంగా 2024 ఏప్రిల్లో నేనూ మావారూ అట్లాంటా నుంచి ఏడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి, మికీని పలకరించకుండా, ఒక పూటంతా మొసళ్ళతోనూ నీటిగుర్రాలతోనూ గడిపి వచ్చాం. ఈ సంగతి తెలిసిన దగ్గరనుంచీ మన సంపాదకులు గారు "డాక్టరమ్మగారూ, మందుల చీటీ కాకుండా మరేదైనా వ్రాయండి" అని వెంటపడుతున్నారు. అందుకని ఈ నాలుగు ముక్కలు.

ముందు ఆ ప్రదేశం గురించి చెబుతాను. డిస్నీ వారి యానిమల్ కింగ్‌డమ్ అనే ఈ పార్కును 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు తెరిచారు. నడిమధ్యన 145 అడుగుల ఎత్తున ఒక మహావృక్షం ఉంటుంది. మాను మీదా వేళ్ళ మీదా 300కి పైగా జంతువుల బొమ్మలు చెక్కి ఉంటాయి. ఎంత పురాతన వృక్షమో అనుకుంటాం. తీరా కనుక్కుంటే లోపల ఉన్నది సముద్రంలో చమురు తీసే వేదికలకు వాడే ఉక్కు చట్రం! దాన్ని దాటి వెళితే హరాంబే అనే ఆఫ్రికా ఊరు. స్వాహిలీ భాషలో ఆ మాటకి అందరూ కలిసి ఒక చెయ్యి వెయ్యడమని అర్థం. గోడల సున్నం పెచ్చులూడి, పోస్టర్లు చిరిగి, రేకులు తుప్పు పట్టి, అచ్చం మన బస్టాండు వెనక వీధిలా ఉంది. ఆ పెచ్చులన్నీ బోలెడు ఖర్చు పెట్టి ఊడగొట్టించినవే. మావారు చూసి, "మా రేపల్లెలో ఇది ఉచితం" అన్నారు.

రేపల్లె మాట వచ్చింది గనక మా అత్తగారి సంగతి చెప్పక తప్పదు. 2019లో మా మామగారు గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. మావారు ఇక్కడినుంచి బయలుదేరి చేరేటప్పటికి మూడో రోజు. ఆ మూడు రోజులూ ఆయన మనసులో ఇప్పటికీ గడవలేదు. అప్పటినుంచీ ఒకటే పట్టుదల, అమ్మని ఇక్కడికి తెచ్చేసుకోవాలనీ, గ్రీన్ కార్డుకి కాగితాలు పెట్టాలనీ. డెబ్భై ఏళ్ళ మనిషిని అక్కడ ఒంటరిగా వదిలి ఎలా నిద్ర పడుతుందని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ జనవరిలో ఆవిడ ఆరు నెలలు ఉండేట్టు వచ్చారు. డాక్టరుగా నా లెక్క ప్రకారం మా ఇంట్లో ఆవిడకి మంచి మార్కులే. షుగర్ దారిలో పడింది. రక్తపోటు కుదిరింది. మోకాళ్ళ నొప్పి తగ్గింది. అయినా సెలవు రోజున కాఫీ తాగుతూ "ఇప్పుడక్కడ ఎంతయిందే?" అని నాలుగుసార్లు అడుగుతారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, మా వీధిలో ఏ ఇంటి కారు ఎన్నింటికి బయలుదేరుతుందో కంఠతా పట్టేశారు. రేపల్లెలో ఆవిడకి ఒక గేదె, పది కొబ్బరిచెట్లు, రెండు వాటాల అద్దెవాళ్ళు, పాలఖాతా పుస్తకం. ఇవి కాక వీధిలో ఎవరికి తగువొచ్చినా తీర్పు ఆవిడదే. "ఇక్కడ ఆవిడ ఏం చేస్తారండీ?" అని నేను. "ఏమీ చెయ్యక్కరలేదు, అందుకేగా ఉండమంటున్నది" అని ఆయన. మూడు నెలలైనా ఈ వాదన తెగలేదు. పెళ్ళిరోజు వంకన దాన్నించి కూడా మూడు రోజులు సెలవు పుచ్చుకున్నాం.

మా అమ్మాయిని చూసుకుంటానని అత్తగారే అన్నారు. పక్కవీధిలో ఉన్న స్నేహితులు రెండు పూటలా వచ్చి చూస్తామన్నారు. బయలుదేరేటప్పుడు ఆవిడ అన్న మాట, "మొసలి కనబడితే పారిపోవాలి గానీ, డబ్బులిచ్చి మరీ దాని దగ్గరికి వెళతారుటే?"

నిజంగానే డబ్బులిచ్చాం. ఎంతో మాత్రం అడక్కండి, అత్తగారు ఈ పత్రిక చదువుతారు. బస్సులాంటి బండిలో అందరినీ తిప్పే మామూలు సఫారీ ఒకటుంది. మేము వెళ్ళింది 2011లో మొదలుపెట్టిన ప్రత్యేక యాత్ర. పన్నెండుమందికి మించకుండా, గైడ్లను తోడిచ్చి, మూడు గంటలు నడిపిస్తారు. ముందు జేబులు ఖాళీ చేయించారు. కళ్ళజోడుకి తాడు కట్టారు, కెమెరాకి కొక్కెం తగిలించారు. ఎందుకమ్మా ఇంత హడావిడి అంటే, "మీ వస్తువు జారిపడితే మొసలి మింగుతుంది. మీకు వస్తువు పోతుంది, మాకు ఆపరేషన్ వచ్చిపడుతుంది" అంది గైడ్ అమ్మాయి. తరువాత ఒంటికి పటకాలూ కొక్కేలూ ఉన్న చొక్కాలాంటిది బిగించారు. మావారు మా ఊళ్ళో కొబ్బరిచెట్టు ఎక్కే మనిషిలా తయారయ్యారు.

పొదల్లోంచి నడిచి వెళ్ళి మొదట ఆగింది నీటిగుర్రాల మడుగు దగ్గర. మన నడుముకున్న తాడు వెనకనున్న కడ్డీకి తగిలిస్తారు. అప్పుడు గట్టు అంచున నిలబడి ముందుకు వంగి చూడవచ్చు. కింద పది అడుగుల్లో ఒక నీటిగుర్రం నోరు తెరిచింది. గైడ్ ఆకుకూర కట్ట విసిరితే తమలపాకు నమిలినట్టు నమిలేసింది. దాని వీపు మీద ఎర్రగా ఏదో మెరుస్తోంది. రక్తమేమోనని నా ప్రాణం కొట్టుకుంది. రక్తమూ కాదు, సరిగ్గా చెప్పాలంటే చెమటా కాదుట. చర్మంలోంచి ఊరే ఒక ద్రవం, గాలి తగిలి ఎర్రబడుతుంది. జపాను శాస్త్రజ్ఞులు 2004లో దాని రంగు పదార్థాలను విడదీసి చూస్తే, అవి ఎండకు గొడుగులాగానూ, కొన్ని సూక్ష్మజీవులకు మందులాగానూ పనిచేస్తాయని తేలింది. మనం సీసాల్లో కొనుక్కుని పూసుకునేది దానికి ఒంట్లోనే ఊరుతోందన్నమాట.

తరువాత తాళ్ళ వంతెనలు. పలకకీ పలకకీ మధ్య సందులు వదిలారు. ఆ సందుల్లోంచి చూస్తే సరిగ్గా కింద నైలు మొసళ్ళు, దుంగల్లాగా కదలకుండా పడుకుని ఉన్నాయి. తలపైన తీగకి మన కొక్కెం తగిలించి ఉంటుంది గనక పడే ప్రమాదం లేదు. ఆ సంగతి బుద్ధికి తెలుసు, మోకాళ్ళకి తెలియదు. మావారు సగం దూరం వెళ్ళాక కళ్ళు మూసుకుని, "నాకేదన్నా అయితే అమ్మని పంపెయ్యకు" అన్నారు. నేను నవ్వాను గానీ, ఆ మాట ఆయన నవ్వులాటకి అన్నది కాదు.

అవతలి ఒడ్డుకు చేరాక, చాలాసేపటినుంచి నా నోట్లో ఉన్న ప్రశ్న ఆ అమ్మాయిని అడిగాను. మా రోగులు నొప్పి ఎక్కడో చెబుతారు. మీ రోగులు చెప్పరు గదా, అవి బాగున్నాయని మీకెలా తెలుస్తుంది?

"బరువు, మేత, పేడ, రక్తపరీక్ష అన్నీ చూస్తాం. అవి బాగుంటే జబ్బు లేదని మాత్రం తెలుస్తుంది. బాగుందని చెప్పాలంటే ఇంకో రెండు చూడాలి. రోజంతా దానికి చెయ్యడానికి ఏముంది? చెయ్యాలా వద్దా అన్నది దాని చేతిలో ఎంత ఉంది?" అంది.

ఇందుకోసం వాళ్ళు పడే పాట్లు విని ఆశ్చర్యపోయాం. మేత పళ్ళెంలో పెట్టి ఇవ్వరు. సిమెంటు మానుల్లో, పొదల్లో, ఎత్తుమీద దాచి పెడతారు, వెతుక్కుని తినాలి. రక్తం తియ్యాలంటే ఏనుగు తనంతట తాను చెవి అందించేట్టు ఓపికగా నేర్పుతారు. ఇష్టం లేకపోతే అది వెళ్ళిపోవచ్చు. హైనీ హెడిగర్ అనే స్విట్జర్లాండు పండితుడు 1942లోనే బోనులోని జంతువుల గురించి పుస్తకం వ్రాసి, కడుపు నింపడంతో పని తీరదు, వాటికి వ్యాపకం కావాలని బోధించాడు. 1963లో గ్లెన్ జెన్సెన్ అనే ఆయన ఎలుకల మీద ఒక ప్రయోగం చేశాడు. గిన్నెలో ఊరికే తిండి పెట్టి, పక్కన మీట నొక్కితే తిండి పడే పెట్టె కూడా పెట్టాడు. చాలా ఎలుకలు గిన్నె ఉండగానే మీట నొక్కి సంపాదించుకుని తిన్నాయి. ఆ తరువాత ఎన్నో జాతుల్లో ఇదే కనబడింది. పెంపుడు పిల్లులు మాత్రం గిన్నెవైపే మొగ్గాయట. పిల్లిని పెంచిన వాళ్ళెవరూ ఇందుకు ఆశ్చర్యపోరు.

ఆ పైన బండి ఎక్కించి గడ్డిమైదానంలోకి తీసుకువెళ్ళారు. సింహం ఒక బండమీద, అది చూస్తుండగానే దూరంగా జింకలు. మధ్య కంటికి కనబడని కందకం. ఒక జిరాఫీ రోడ్డుకి అడ్డం వచ్చి నిలబడితే బండి ఆపుకుని కూచున్నాం. ఆ మెడలో కూడా మన మెడలో ఉన్నట్టే ఏడు ఎముకలు. అంత ఎత్తున ఉన్న తలకి రక్తం ఎక్కించాలి గనక దాని రక్తపోటు మనకి రెట్టింపు. మరి కాళ్ళు వాయవా అంటే, అక్కడి చర్మం నేను రోగులకి వ్రాసిచ్చే బిగుతు మేజోళ్ళలా పట్టి ఉంచుతుంది. దాని చార్టు మా క్లినిక్‌కి వస్తే వెంటనే అత్యవసర విభాగానికి పంపిస్తాను. అది మాత్రం నింపాదిగా ఆకు నములుతూ నావైపు చూసింది. ఏ ప్రాణికి ఏది ఆరోగ్యమో ఆ ప్రాణి కొలతతోనే చూడాలి.

మైదానం మధ్య పందిరి కింద ఫలహారం పెట్టారు. ఇచ్చింది మన టిఫిన్ క్యారియర్ లాంటి గిన్నెల్లో! ఎదురుగా తెల్ల ఖడ్గమృగాలు మేస్తున్నాయి. వాటి బంధువుల కథ ఒకటి చెప్పింది ఆ అమ్మాయి. ఉగాండాలో అడవి ఖడ్గమృగాలు 1980ల మొదట్లో వేటకి బలై అంతరించిపోయాయి. 2006లో ఈ పార్కు నుంచి రెండింటిని అక్కడి జీవా సంరక్షణ కేంద్రానికి పంపారు. అమెరికానుంచి వెళ్ళిన తల్లికీ, కెన్యానుంచి వచ్చిన తండ్రికీ 2009లో అక్కడ మగపిల్ల పుట్టింది. దానికి పెట్టిన పేరు ఒబామా. మావారు చాలాసేపు నవ్వి, ఆగి, "వెళ్ళినవి ఇష్టపడే వెళ్ళాయంటావా?" అని తెలుగులో నన్నడిగారు.

అప్పుడు నేను చదువుకున్న సంగతి ఒకటి చెప్పాను. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కనెక్టికట్‌లోని ఒక వృద్ధాశ్రమంలో చేసిన పరిశీలన అది. ఒక అంతస్తులో ఉన్నవాళ్ళకి, మీ గది ఎలా ఉండాలో మీరే చూసుకోండి, ఈ మొక్కల్లో మీకు నచ్చింది తీసుకుని మీరే నీళ్ళు పోసుకోండి, సినిమా ఏ రోజు చూడాలో మీరే చెప్పండి అన్నారు. ఇంకో అంతస్తులో వాళ్ళకి కూడా మొక్క ఇచ్చారు, సినిమా వేశారు. అయితే నీళ్ళు నర్సులు పోశారు, రోజు ఆశ్రమం వాళ్ళే నిర్ణయించారు. మూడు వారాలకి చూస్తే మొదటి అంతస్తు వాళ్ళు చురుకుగా, ఉత్సాహంగా తిరుగుతున్నారు. తిండీ మందూ రెండు అంతస్తులకీ ఒకటే. మావారు క్యారియర్ గిన్నె మూత పెట్టి, "అంటే మా అమ్మ రెండో అంతస్తులో ఉందంటావు" అన్నారు. "నేననలేదు, ఆవిడనే అడుగుదాం" అన్నాను.

ఇంటికి చేరాక అడిగాం. ఇక్కడ ఉంటారా, వెళతారా, మీ ఇష్టం ఏమిటి అని. ఆవిడ ఊరికే ఏడవలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "అడిగారు గనక చెబుతున్నా. ముందు ఆ వెనక గడ్డి తీసేసి నాకు నాలుగు మళ్ళు చేసి పెట్టండి. ఉండడం సంగతి తరువాత" అన్నారు. ఆ బెర్ముడా గడ్డి మావారి ప్రాణం. ప్రతి శనివారం దానికి క్షవరం చేస్తారు. ఆ శనివారం పార పుచ్చుకుని తవ్వారు.

గోంగూర, బెండ, రెండు బీర పాదులు. జూన్ వచ్చేసరికి టైము ఎంతయిందని అడగడం మానేశారు. ఎదురింటి అమెరికన్ ముసలాయనకి బెండకాయలిచ్చి టమాటాలు పుచ్చుకునే బేరం కుదిరింది. ఇద్దరి మధ్యా ఒక్క భాష లేదు, ఖాతా మాత్రం ఆవిడ రాసుకున్నారు. అంతా చూసి, ఇక ఉండిపోతారనుకున్నారు మావారు. జూలైలో ఆవిడ పెట్టె సర్దుకున్నారు. "గేదె ఈనే వేళయింది. మళ్ళీ విత్తనాల వేళకి వస్తా" అన్నారు. కాగితాల సంగతి ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఇప్పుడు మావారు రోజూ లేవగానే ఫోను చేస్తారు. నాలుగు రింగులు దాటితే ఆయన ముఖం చూడలేం. ఆ భయానికి మందు నా దగ్గర లేదు. ఆవిడ మాత్రం ఎత్తగానే మడి ఎండకుండా చూశావా అని అడుగుతారు.

మనలో చాలామంది ఇళ్ళకి తల్లిదండ్రులు వస్తున్నారు. వాళ్ళకి మంచి గది ఇస్తాం, మందులు వేళకి ఇస్తాం, టీవీలో తెలుగు ఛానెళ్ళు పెట్టిస్తాం. పని చెప్పడం మర్యాద కాదనుకుంటాం. ఈసారి మన సంఘం దీపావళి భోజనాలకి ఎన్ని కిలోల బియ్యం పోయాలో, పులిహోరలో ఎంత చింతపండు పడాలో లెక్క కట్టే బాధ్యత పెద్దవాళ్ళకే అప్పగించమని కార్యవర్గం వారికి నా మనవి. లెక్క తప్పితే తిట్టుకుందాం. వాళ్ళని తిట్టడానికి మనకీ, మనల్ని తిట్టడానికి వాళ్ళకీ ఒక పని ఉంటుంది.