హోదా గుమ్మం బయటే

బెల్జియంలో ఈప్ర్ పట్టణానికి పన్నెండు కిలోమీటర్ల దూరాన పోపెరింగె ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముందు వరుసకు వెళ్లే, తిరిగొచ్చే బ్రిటిష్ సైనికులతో కిటకిటలాడిన ఊరు. 1915 డిసెంబరులో ఇద్దరు సైనిక మతగురువులు, నెవిల్ టాల్బట్, ఫిలిప్ క్లేటన్, ఇక్కడొక మేడలో విశ్రాంతి గృహం తెరిచారు. ఆ టాల్బట్ హౌస్ నేటికీ మ్యూజియంగా, అతిథి గృహంగా నడుస్తోంది.

లోపలికి వెళ్లగానే నన్ను ఆపినవి గోడల మీది బోర్డులు. ఒకటి నిరాశావాదులకు దారి చూపిస్తోంది. బాణం గుర్తు వీధి వైపు ఉంది! క్లేటన్ గది తలుపు మీద, ఇక్కడ అడుగుపెట్టేవారు హోదా వదిలేసి రావాలని రాసి ఉంది. గ్రంథాలయంలో పుస్తకం కావాలంటే టోపీ హామీగా పెట్టాలి. అధికారి టోపీ అయినా, సిపాయి టోపీ అయినా అక్కడ విలువ ఒక్కటే. పక్కనున్న గోదాములో సైనికులే హాస్య ప్రదర్శనలిచ్చేవారు. రేపు కందకాల్లోకి వెళ్లాల్సినవాళ్లు ఈ రాత్రి పక్కపక్కన కూర్చుని పగలబడి నవ్వారన్నమాట.

అక్కడి నుంచి టౌన్‌హాలుకు నడిచి వెళ్లాను. దాని వెనుక రెండు ఇరుకు గదులు, ముంగిట్లో మనిషిని కట్టేసి కాల్చే ఒక స్తంభం. యుద్ధరంగం వదిలి పారిపోయారని, పిరికితనం చూపారని మరణశిక్ష పడినవాళ్లు ఈ గదుల్లోనే తెల్లవారేదాకా గడిపారు. చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు 1915లోనే ‘షెల్ షాక్’ గురించి రాశాడు. అయినా చెదిరిన మనసు చాలామంది అధికారుల కంటికి నేరంగానే కనిపించింది. ఆ యుద్ధంలో అలా కాల్చి చంపిన 306 మందికి బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించింది 2006లో.

ఒకే ఊళ్లో ఈ రెండు చోట్లూ చూశాక నాకు బాగా అర్థమైంది: సైనికుడి గొంతు నొక్కేది భయం ఒక్కటే కాదు, చెబితే పరువు పోతుందన్న బెంగ కూడా. పైవాడూ కిందివాడూ కలిసి నవ్విన చోట ఆ బెంగ సడలుతుంది. అదే దారిలో, అమెరికాలో 2015లో మొదలైన ఆర్మ్‌డ్ సర్వీసెస్ ఆర్ట్స్ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ మాజీ సైనికులకు స్టాండప్ కామెడీ నేర్పిస్తోంది. తన బాధను తానే హాస్యంగా మలిచి చెప్పేవాడిని చూసి జాలిపడరు, వింటారు.

నవ్వు వైద్యానికి బదులు కాదు; వైద్యుడి దాకా నడిపించే ధైర్యం మాత్రం ఇస్తుంది. మన సైన్యంలో అధికారులూ జవాన్లూ కలిసి భోంచేసే బడాఖానా ఉండనే ఉంది. ఆ వేదిక మీద ఒక అధికారి తన నిద్రపట్టని రాత్రుల గురించి నవ్విస్తూ మాట్లాడితే, కింద కూర్చున్న జవాను మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడడు.