మూడు ఊళ్లు కలిసి బాగుచేసిన లాంచీ

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సులో సూర్యాపేట అంటే టీ కోసం ఆగే ఊరు. కోదాడ అంటే 'ఇంక ఆంధ్రా వచ్చేసింది' అనుకునే ఊరు. మిర్యాలగూడ హైవే మీద కూడా ఉండదు, ఇంట్లో బియ్యం బస్తా మీదే ఆ పేరు కనిపిస్తుంది. ఈ మూడు ఊళ్లనీ కలిపి ఒక పాత మోటార్ లాంచీ కథ చెప్తానంటే మా ఆఫీసులో అందరూ నవ్వారు. సముద్రం 200 కిలోమీటర్ల దూరంలో ఉంటే మీ ఊళ్లో లాంచీ ఏంట్రా అని.

సముద్రం లేదు గానీ కృష్ణ ఉంది. మాకు దక్షిణాన సరిహద్దే ఆ నది. వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాద్ మురికంతా మోసుకొచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే హైదరాబాద్‌లో నేను గిన్నెలు కడిగిన నీళ్లు కూడా ఎప్పటికో అప్పటికి అక్కడికి చేరతాయన్నమాట. అక్కడి నుంచి కిందికి మట్టపల్లి, ఆ తర్వాత పులిచింతల. 2013లో ప్రారంభమైన ఆ ప్రాజెక్టు కెపాసిటీ 45.77 టీఎంసీలు. ఆ నీళ్ల కింద పోయిన ఊళ్లలో మా అమ్మమ్మ ఊరు ఒకటి.

మా అమ్మమ్మకిప్పుడు 78 ఏళ్లు. కాలనీలో ఇల్లొచ్చింది, కరెంటుంది, నల్లా ఉంది. కానీ రెండేళ్ల నుంచి ఒకటే మాట. "ఒక్కసారి మన ఊరి మీదికి తీస్కపోరా బిడ్డా. పైనుంచన్న చూస్త." చేపల పడవ ఎక్కించడానికి ధైర్యం చాల్లేదు. ఆమె కూర్చోడానికి సీటు, నీడ, పట్టుకోడానికి కడ్డీ ఉన్న బోటు కావాలి. అట్ల మొదలైంది ఇది.

కొనేముందు నాణెంతో కొట్టాలి

విజయవాడకు ఎగువన కృష్ణ ఒడ్డున ఒక పాత ఫైబర్ లాంచీ అమ్మకానికి ఉందని కోదాడలో హార్డ్‌వేర్ షాపున్న మా మేనమామ కనుక్కున్నాడు. పొడవు 28 అడుగులు, వెడల్పు 8 అడుగులు. చిన్న క్యాబిన్, లోపల మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. మూడేళ్లుగా ఒడ్డు మీదే ఉంది. క్యాబిన్ పైన టూరిస్టుల కోసమని పాత ఓనరు ఇనుప ఫ్రేము, దాని మీద సీట్లు పెట్టించాడు. ఆ ఫ్రేము బరువే 180 కిలోలు.

పాత బోటు చూడ్డానికి పోతే జేబులో పది రూపాయల నాణెం ఉంటే చాలు. బాడీ అంతా జానెడు జానెడుకి కొట్టుకుంటూ పోవాలి. 'టక్ టక్' అని గట్టిగా వినిపిస్తే ఫైబర్ బాగున్నట్టు. 'డబ్ డబ్' అంటే పొరల మధ్య నీళ్లు చేరాయి, లేదా లోపలి ప్లైవుడ్ పుచ్చిపోయింది. మాకు వెనక భాగంలో రెండు చోట్ల డబ్ డబ్ వచ్చింది. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూశాం. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు లోపలికి పోయినట్టే, ఇది నల్లగానే ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమన్నాం. ముందే వేడి చేసి పెట్టిన ఇంజిన్ ఎవరికైనా స్టార్ట్ అవుతుంది. నాలుగోసారికి అందుకుంది. తెల్ల పొగ రెండు నిమిషాలు వచ్చి ఆగింది. 3,20,000కి బేరం కుదిరింది. సగం నాది, సగం మామది.

సగం మామది అన్నది గుర్తు పెట్టుకోండి. అమ్మమ్మను తిప్పడం ఆయనకూ ఇష్టమే. కానీ మట్టపల్లి నరసింహస్వామి గుడికి వచ్చే భక్తులను ఆదివారాలు నదిలో తిప్పితే పెట్టిన డబ్బు తిరిగొస్తుందన్నది ఆయన లెక్క.

కోదాడ: ఊక బస్తాల మీద ప్రయాణం

రోడ్డు మీద మామూలు బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. మా లాంచీ 2.44. గండం తప్పింది. ఎత్తు మాత్రం పై ఫ్రేముతో లెక్కేస్తే ఊళ్లలో కరెంటు తీగలకు తగిలేలా ఉంది. అందుకే ఫ్రేము బోల్టులు విప్పి విడిగా పడుకోబెట్టాం. లో-బెడ్ ట్రైలర్ ఒకటి, ఎక్కించడానికి అక్కడ ఒక హైడ్రా, దించడానికి ఇక్కడ ఒక హైడ్రా. మొత్తం 46,000.

ఫైబర్ బోటును నీళ్లు అన్ని వైపులా సమానంగా మోస్తాయి. ట్రైలర్ మీద అట్ల కాదు, ఏ చెక్క ముక్క మీద ఆనితే అక్కడే బరువంతా పడి బాడీ నొక్కుకుపోతుంది. మామ దీనికి మన పద్ధతిలో ఉపాయం చెప్పాడు. అడుగు దూలాన్ని పొడవునా చెక్క దిమ్మెల మీద ఆనించి, పక్కలకు పాత లారీ టైర్లు, ఆ సందుల్లో ఊక బస్తాలు కుక్కాడు. బోటు ఆకారానికి ఊక తనే సర్దుకుంటుంది. బెల్టులు బిగించి పొద్దున ఆరింటికి బయలుదేరాం. ఇబ్రహీంపట్నం, నందిగామ, జగ్గయ్యపేట. ప్రతి 30 కిలోమీటర్లకు ఆగి బెల్టులు చూడటం. గరికపాడు దాటి రామాపురం క్రాస్ రోడ్డు దగ్గర ఆగితే జనం పోగయ్యారు. "ఏ చెరువులకన్నా ఇది?" అని ఒక పెద్దాయన అడిగాడు. కోదాడలో పూరీ తిని సూర్యాపేట చేరేసరికి మధ్యాహ్నం రెండు.

సూర్యాపేట: ఎండతో పందెం

హైవేకి కాస్త పక్కన దురాజ్‌పల్లి వైపు ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. లారీ క్యాబిన్లకు, బస్సు బాడీలకు ఫైబర్ పని చేసే ఇద్దరు మేస్త్రీలు ఒప్పుకున్నారు. బోటు ఎప్పుడూ చేయలేదని ముందే చెప్పారు. ఫైబర్ మాత్రం వాళ్లకు చేతిలో విద్య.

డబ్ డబ్ అన్న చోటల్లా గ్రైండర్‌తో కోసి, పుచ్చిన ప్లైవుడ్ తీసేశాం. తడి ఆరడానికి మూడు వారాలు అట్లనే వదిలేశాం. ఈ మూడు వారాలు ఓపిక పట్టనివాళ్ల బోట్లే ఏడాది తిరగకుండా మళ్లీ పొక్కులు లేస్తాయట. తర్వాత కొత్త మెరైన్ ప్లై, దాని మీద గ్లాస్ మ్యాట్, రెసిన్.

రెసిన్‌లో రెండు మందులు పడతాయి. కోబాల్ట్, హార్డనర్. ముందు కోబాల్ట్ వేసి బాగా కలిపాకే హార్డనర్ వేయాలి. ఆ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పడితే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. అందుకే మేస్త్రీ ఆ రెండు డబ్బాలను షెడ్డులో ఎదురెదురు మూలల్లో పెట్టేవాడు. ఇక మా ఎండ సంగతి. ఏప్రిల్‌లో 42 డిగ్రీలు. వేడి పెరిగేకొద్దీ రెసిన్ తొందరగా గట్టిపడుతుంది. పొద్దున అయిదింటికి కలిపితే 25 నిమిషాలు చేతిలో ఉండేది, పదకొండింటికి 8 నిమిషాలకే గిన్నెలో రాయైపోయేది. దాంతో షిఫ్టు మార్చాం. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఎనిమిది వరకు ఫైబర్ పని. తొమ్మిదింటికి నేను లాప్‌టాప్ తెరిచి స్టాండప్ కాల్‌లో కూర్చునేవాణ్ని. జుట్టులో గ్లాస్ పొడి, మెడంతా దురద.

మిర్యాలగూడ: మిల్లు ఫిట్టరు చెప్పిన మాట

ఫ్యాన్‌ను తిప్పే షాఫ్ట్ వంగి ఉంది. దాన్ని తీసి మిర్యాలగూడ తీసుకుపోయాం. అక్కడ రైస్ మిల్లులు ఎన్ని ఉన్నాయో, వాటి షాఫ్టులు, బేరింగులు, పుల్లీలు చూసుకునే పనోళ్లూ అంతమంది ఉన్నారు. లేత్ మీద డయల్ గేజ్ పెట్టి వంకర చూసిన ఫిట్టరు దాన్ని సరి చేయనన్నాడు. కొత్త స్టెయిన్‌లెస్ కడ్డీ తెప్పించి తిప్పుదామన్నాడు.

"మిల్లుల షాఫ్టు సప్పుడు జేస్తే మెయిన్ బంద్ జేసి చాయ్ తాగొచ్చు సార్. నీళ్ల నడుమ ఏం జేస్తరు?"

వారం తర్వాత ఆయనే సూర్యాపేట వచ్చి ఇంజిన్‌కీ షాఫ్టుకీ అలైన్‌మెంట్ చేశాడు. రెండు కప్లింగుల మధ్య చుట్టూ ఫీలర్ గేజ్ పెట్టి, తేడా 0.1 మిల్లీమీటరుకు తగ్గేదాకా ఇంజిన్ కాళ్ల కింద రేకులు మారుస్తూనే ఉన్నాడు. షాఫ్ట్ బోటులోంచి బయటకు పోయే చోట గ్లాండ్ ఉంటుంది. గ్రీజు పట్టించిన తాడు చుట్టి బిగిస్తారు. అక్కడ ఒక్క చుక్క కూడా కారకూడదని నేను అనుకున్నా. ఆయన వద్దన్నాడు. షాఫ్ట్ తిరిగేటప్పుడు చుక్క చుక్క పడుతుండాలి, ఆ నీళ్లే దాన్ని చల్లగా ఉంచుతాయి, మరీ బిగిస్తే తాడు కాలి షాఫ్ట్ అరిగిపోతుంది.

ఖర్చు లెక్క అడుగుతారని తెలుసు. బోటు 3,20,000, రవాణా 46,000, ఫైబర్ పని 1,10,000, ఇంజిన్, షాఫ్ట్ 95,000, కాగితాలు, లైఫ్ జాకెట్లు, రంగు, మిగతావి 60,000. మొత్తం 6,31,000.

పదహారు బియ్యం బస్తాల పరీక్ష

లాంచీ నీళ్లలో దిగాక అసలు గొడవ మొదలైంది. పై ఫ్రేము మళ్లీ బిగించాలని మామ, వద్దని నేను. పైన పదిమంది కూర్చుంటే ఆదివారానికి ఎంతొస్తుందో ఆయన కాగితం మీద రాసి చూపించాడు.

నా దగ్గర రెండు తేదీలున్నాయి. 2017 నవంబర్ 12, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు బోల్తా. 2019 సెప్టెంబర్ 15, గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునక. ఆ బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న గానీ బయటకు తీయలేకపోయింది. "మనది అంత పెద్ద బోటు గాదు కదా" అన్నాడు మామ. తేదీలతో పని జరగదని అర్థమైంది. కొలిచి చూద్దామన్నా.

క్యాబిన్ గోడకు మీటరు దారంతో తాపీమేస్త్రీ తూకం గుండు వేలాడదీశాం, కింద స్కేలు. 25 కిలోల బియ్యం బస్తాలు 16, అంటే 400 కిలోలు. లోపల నేల మీద మధ్యలో పెట్టి, తర్వాత అన్నిటినీ ఒక పక్కకు మీటరు జరిపాం. గుండు 16 సెంటీమీటర్లు కదిలింది. అంటే 9 డిగ్రీల వంపు. ఫ్రేము బిగించి అవే బస్తాలను పైన పెట్టి అంతే దూరం జరిపాం. 23 సెంటీమీటర్లు, 13 డిగ్రీలు. కారణం తేలికే. బరువు ఎంత పైకి పోతే, వంగిన బోటును తిరిగి నిలబెట్టే శక్తి అంత తగ్గుతుంది. పైగా బస్తాలు పెట్టిన చోటే ఉంటాయి. మనుషులు ఉండరు. ఎవరో "మొసలి!" అంటే పదిమందీ ఒకే పక్కకు ఉరుకుతారు.

మామ స్కేలు వైపు చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు ఆ ఫ్రేము హుజూర్‌నగర్ పాత ఇనుప సామాన్ల దుకాణానికి పోయింది.

యంత్రంతో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. కాగితాలన్నీ చేతికి వచ్చేదాకా అమ్మమ్మను ఎక్కించలేదు. డ్రైవరుతో కలిపి ఆరుగురికి మించకూడదని మేమే గీత గీసుకున్నాం.

నీళ్ల కింద ఊరు

మే నెల, నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. అమ్మమ్మ చీర మీద ఆరెంజ్ జాకెట్ తొడిగించుకుని, కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఒడ్డున సున్నపురాయి గుట్టలు, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు. నేను పాత శాటిలైట్ ఫొటోల్లో ఇల్లు గుర్తుపట్టి ఫోన్‌లో పిన్ పెట్టుకున్నా. జీపీఎస్ చెప్పిన చోట ఇంజిన్ ఆపి, "ఇదే అమ్మమ్మా" అన్నా.

ఆమె నీళ్ల వైపు చూడలేదు. గుట్టల వైపు చూసింది. "గాదు. ఆ రెండు గుట్టల సందు మన వాకిట్లకెంచి సక్కగ కనపడేది. ఇంకింత ముందుకు పోనియ్."

యాభై గజాలు ముందుకు పోయి ఆగాం. తూకం గుండుకు పొడుగు తాడు కట్టి వదిలితే నాలుగున్నర మీటర్లకు అడుగు తగిలింది. అమ్మమ్మ చేత్తో నీళ్లు తీసి మొహానికి రాసుకుని, ఎవరిల్లు ఎటుందో వరసగా చెప్పడం మొదలుపెట్టింది. బావి, చావడి, కోమటాయన కొట్టు, చింతచెట్టు. మామ ఫోన్లో రికార్డు చేశాడు, 40 నిమిషాలు.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, బౌద్ధ స్తూపాలను, శిల్పాలను కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియంలో వాటిని చూసొస్తాం. మా ఊరికి మ్యూజియం లేదు. అక్కడి ఇళ్ల వరస పెద్దవాళ్ల నోట్లోనే ఉంది. వాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు.

ఆ వీడియో కాలనీ వాట్సాప్ గ్రూపులో పడ్డాక ఫోన్లు మొదలయ్యాయి. మామ టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు, డీజిల్‌కి ఎవరికి తోచింది వాళ్లు ఇస్తున్నారు. ఆదివారానికి ఒక ట్రిప్పు, అయిదుగురు పెద్దవాళ్లు, ఫోన్ రికార్డింగ్ ఆన్. వానలు పడి గేట్లు ఎత్తే రోజుల్లో లాంచీ ఒడ్డు మీదే. జాబితాలో ఇంకా 43 పేర్లున్నాయి. అందులో అందరికన్నా పెద్దామెకు 91 ఏళ్లు, వచ్చే ఆదివారం మొదటి సీటు ఆమెదే.