సిట్టింగులో లేనివాళ్లం

కోచ్‌లూ ఆటగాళ్లూ కలిసి కూర్చుని మందు కొడితే జట్టు బాగుపడుతుందా? ఈ మధ్య మా ఆఫీసులో స్పోర్ట్స్ డెస్కు దగ్గర ఈ ప్రశ్న లేచింది. బాగుపడుతుందని నలుగురు, చెడిపోతుందని ఇద్దరు. మా అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఒక మిత్రుడు మాత్రం, "మిమ్మల్ని అడిగి ఏం లాభం లెండి, మీరు తాగరు గదా" అని నవ్వాడు. మాకూ నవ్వొచ్చింది. తాగేవాడు సిట్టింగును లోపల కూర్చుని చూస్తాడు. మేం తలుపు దగ్గర నిలబడి చూశాం. గదిలో ఎవరున్నారో, ఎవరు లేరో తలుపు దగ్గర నిలబడ్డవాడికే బాగా కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో 'మేం' అని రాస్తున్నాం. మా అమ్మీ తన ఒక్కదాని సంగతి చెప్పుకున్నా 'హమ్' అనే అంటుంది. ఆ అలవాటే మాకూ వచ్చింది. ఉర్దూలో హమ్ ఒక్కటే. తెలుగులో మనం వేరు, మేం వేరు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. ఈ తేడాను తెలుగు వాచకంలో ఎట్లా చదివామో గుర్తులేదు గానీ ఫుట్‌బాల్ గ్రౌండులో ఎట్లా నేర్చుకున్నామో బాగా గుర్తుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డప్పుడు మేం బడి పిల్లలం. 1993లో సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ మరుసటేడు మేం వరంగల్‌లో బి.ఏ.లో చేరాం. ఊళ్లో వైన్‌షాపులు మళ్లీ కళకళలాడుతున్న రోజులవి. కాలేజీ టీములో లెఫ్ట్ వింగ్ ఆడేవాళ్లం. టీము మొత్తంలో మావాళ్లం ముగ్గురం.

మా సారు మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాలి. ఆయనకు మా మీద ద్వేషం లేదు. రంజాన్‌లో మా రోజా సంగతి గుర్తుపెట్టుకుని సాయంత్రం ప్రాక్టీసు ముందే ముగించేవాడు. మా కాలికి దెబ్బ తగిలితే తన స్కూటరు మీద ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. అయితే ఆయన మనసు విప్పి మాట్లాడేది మ్యాచ్ అయ్యాక రాత్రిపూట లాడ్జి గదిలోనే. గ్రౌండులో విజిల్ ఊదే మనిషి వేరు, ఆ గదిలో భుజం మీద చెయ్యేసే మనిషి వేరు. రెండో మనిషి దగ్గరికి దారి గ్లాసులోంచే ఉండేది.

ఒకసారి మేమూ పోయాం. "ఏం మియా, నువ్వు రాకుంటే ఎట్లరా" అని సారే పిలిచాడు. ఓ మూలన థమ్సప్ పట్టుకుని కూర్చున్నాం. రెండు గంటల తర్వాత అందరూ ఒకే సంగతికి నవ్వుతున్నారు, మాకు మాత్రం అందులో నవ్వాల్సిందేమిటో అర్థం కావడం లేదు. ఒకడు వచ్చి, "మావాడు మియా అయినా మస్తు మంచోడు" అని మెచ్చుకున్నాడు. ఆ 'అయినా' ఎక్కడ గుచ్చుకుందో వాడికి తెలియదు. తెలిస్తే బాధపడేవాడే. ఇంకొకడు, "ఒక్క పెగ్గు తాగు, నువ్వు మనోడివని ఒప్పుకుంటం" అన్నాడు. పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు ఏ జట్టు గెలవాలని అడిగి మమ్మల్ని పరీక్షించినట్టే ఇదీ ఒక పరీక్ష. ప్రశ్న మారింది, పరీక్ష పెట్టేవాడు మారలేదు.

ఇంటికి చేరేసరికి కబురు మాకంటే ముందే చేరింది. గ్లాసులో థమ్సప్ ఉందో, అందులో కలిపిన రమ్ము ఉందో కిటికీలోంచి చూసినవాడికి తెలియదు గదా. అబ్బా ఒక్క మాటా అనలేదు. దగ్గరికొచ్చి నోరు వాసన చూశాడు. ఆ రాత్రి అమ్మీ అన్నం పెడుతూ ఏడ్చింది. మర్నాడు మసీదు దగ్గర ఒక పెద్దమనిషి మాకు హరామ్ గురించి అరగంట చెప్పాడు. ఆయన సొంత తమ్ముడు పెళ్లిళ్లలో కారు వెనక సీట్లో సీసా పెట్టుకుని తిరుగుతాడని బజారంతటికీ తెలుసు. అతనికి డబ్బుంది కాబట్టి అతనికి ఉపదేశం లేదు. మావాళ్లలో తాగేవాళ్లు లేరని మేం అనడం లేదు. ఉన్నారు. పేదవాడు తాగితే గల్లీ మొత్తానికి చెడ్డపేరు, ఉన్నవాడు తాగితే షౌక్. ఈ సంగతి మనలో మనం ఒప్పుకోకుండా బయటివాళ్లను ప్రశ్నించే హక్కు మనకు రాదు.

ఆ తర్వాత మేం సిట్టింగుకు పోలేదు. జిల్లా జట్టు ఎంపిక జరిగింది. లిస్టులో మా పేరు లేదు. సారును అడిగాం. ఆయన ఏ దాపరికం లేకుండా, "రాత్రే అయిపోయిందిరా లిస్టు. నువ్వు లేవు గద!" అన్నాడు.

నువ్వు లేవు గదా. ఆ మాట ఇన్నేళ్లుగా మాతోనే ఉంది. జట్టులో లేవనా? గదిలో లేవనా? ఆయన ఉద్దేశంలో రెండింటికీ తేడా లేదు. మా స్థానంలో వచ్చినవాడు పనికిరానివాడేం కాదు, బాగానే ఆడేవాడు. అయితే మా ఆట ఎట్లా ఉందో ఆ రాత్రి ఆ గదిలో చెప్పేవాడు లేడు. సెలక్షన్‌లో అన్యాయమంటే కుట్ర జరగాలని లేదు. నలుగురు స్నేహితులు ప్రేమగా మాట్లాడుకుంటున్నప్పుడు ఐదోవాడు గుర్తుకు రాకపోతే చాలు.

మా గోల్‌కీపర్ సంగతి కూడా చెప్పాలి. మాదిగ కుర్రాడు. వాడు తాగేవాడు. కాబట్టి లోపలివాడు కావాలి. కానీ సోడాలు, ఐసు, మిర్చిబజ్జీలు తెచ్చేపని ఎప్పుడూ వాడిదే. వాడి గ్లాసు వరండాలో ఉండేది. "అన్నా, నువ్వు తాగక బయట, నేను తాగి బయట" అని ఒకరోజు నవ్వుతూ అన్నాడు. మందు అందరినీ ఒక్కటి చేస్తుందనే మిత్రులకు వాడి మాటే మా జవాబు. అప్పటికే ఒక్కటిగా ఉన్నవాళ్లను అది ఇంకాస్త దగ్గర చేస్తుంది. వరండాను గదిలోకి తేవడం దానివల్ల కాదు.

తాగినవాళ్ల పక్షాన ఉన్న నిజాన్నీ చెప్పుకోవాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఒక ప్రయోగం ప్రచురించారు. 720 మందిని, ఒకరికొకరు తెలియని ముగ్గురేసి చొప్పున బల్లల చుట్టూ కూర్చోబెట్టారు. కొన్ని బల్లలకు మద్యం, కొన్నింటికి మద్యం లేని పానీయం ఇచ్చారు. మద్యం తాగిన బల్లల దగ్గర ముగ్గురూ ఒకేసారి నవ్వడం, ముగ్గురికీ మాట వంతు రావడం, దగ్గరితనం కలగడం ఎక్కువగా కనిపించాయి. కాబట్టి గ్లాసు నోరు విప్పిస్తుందన్నది అబద్ధం కాదు. కానీ ఆ 720 మందీ ముందునుంచే తాగే అలవాటున్నవాళ్లు. తాగని నాలుగోవాణ్ని అదే బల్ల దగ్గర కూర్చోబెడితే ఏమవుతుందో ఆ ప్రయోగం చెప్పదు. అది మేం చెప్పగలం.

తాగి గెలిచిన జట్లూ ఉన్నాయి. ఇంగ్లండులో ఆర్సెనల్ ఆటగాళ్ల తాగుడు ఆ రోజుల్లో ఎంత పేరుమోసిందంటే, వాళ్ల మంగళవారం బైఠక్‌కు 'ట్యూజ్‌డే క్లబ్' అనే పేరే పడింది. ఆ జట్టే 1989లో, 1991లో లీగ్ గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1990లో తాగి కారు నడిపిన కేసులో జైలుకు పోయాడు. 1996లో తాను తాగుడుకు బానిసనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అదే ఏడు ఆర్సెన్ వెంగర్ కోచ్‌గా వచ్చి తిండి, తాగుడు అలవాట్లు మార్చాడు. 1998లో అదే ఆడమ్స్ నాయకత్వంలో లీగూ, ఎఫ్.ఏ. కప్పూ రెండూ వచ్చాయి. జట్టు కలిసిమెలిసి ఉందని మురిసిపోయిన ఆ మంగళవారాల్లో ఒక మనిషి మునిగిపోతుంటే పక్కవాళ్లకు కనిపించలేదు. ఇక ఒంటి సంగతి. కఠిన వ్యాయామం తర్వాత బాగా తాగితే, ప్రొటీను తీసుకున్నా కండరాలు తిరిగి కట్టుకునే వేగం 24 శాతం తగ్గిందని 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మ్యాచ్ ముగిసిన రాత్రే ఒంటికి మరమ్మతు కావాలి. సిట్టింగు సరిగ్గా ఆ రాత్రే పెడతారు.

2021 నవంబరులో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు అజీమ్ రఫీక్ అనే క్రికెటర్ సాక్ష్యం చెప్పాడు. పదిహేనేళ్ల వయసులో తనను కదలకుండా పట్టుకుని గొంతులో వైను పోశారని చెప్పాడు. పెద్దయ్యాక జట్టులో కలవడం కోసం తనే తాగడం మొదలుపెట్టానని కూడా చెప్పాడు. మొదటి మాటకు లోకం నివ్వెరపోయింది. మమ్మల్ని ఎక్కువ కదిలించింది రెండోది. బలవంతంగా పోసినవాణ్ని తప్పుపట్టొచ్చు. ఎవరూ పోయకుండానే మనంతట మనం గ్లాసు అందుకునేట్టు చేసే ఒంటరితనాన్ని ఏ కమిటీ ముందు నిలబెడతాం? అదే నెలలో రఫీక్ పాత సందేశాల్లో యూదుల పట్ల చులకన మాటలు బయటపడితే అతను క్షమాపణ చెప్పాడు. బాధితుడైనంత మాత్రాన మనిషి ఇతరుల పట్ల శుద్ధుడైపోడు. ఇది మాకూ వర్తిస్తుంది.

ఇంకోరకం దృశ్యాలూ చూశాం. 2019 జులైలో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండు ప్రపంచకప్ గెలిచినప్పుడు షాంపేన్ చిమ్మే ముందు మొయీన్ అలీ, ఆదిల్ రషీద్ పక్కకు పరుగెత్తారు. అందరూ నవ్వారు, వాళ్లూ నవ్వారు. బాగుంది. 2022 జనవరిలో హోబార్ట్‌లో యాషెస్ గెలిచినప్పుడు ఉస్మాన్ ఖ్వాజా అట్లాగే పక్కన నిలబడితే, ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్ సీసాలు కింద పెట్టమని జట్టుకు చెప్పి అతణ్ని పైకి పిలిచాడు. మొదటిదాంట్లో తప్పుకోవడం తాగనివాడి పని అయింది. రెండోదాంట్లో చోటివ్వడం జట్టు పని అయింది. ఒక్క నిమిషం సీసా దించితే ఎవరి సరదా తగ్గలేదు. మాకు కావలసింది ఆ ఒక్క నిమిషమే.

హైదరాబాదు మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ను తలచుకోకుండా ఈ వ్యాసం ముగించలేం. బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం, తంగరాజ్, బెంగాలీలు పి.కె. బెనర్జీ, చున్నీ గోస్వామి, పంజాబీ జర్నైల్ సింగ్ ఒక్క జట్టుగా ఆడారు. ఆయన్ను మేం ఫరిష్తాను చేయబోవడం లేదు. సిగరెట్ మీద సిగరెట్ కాల్చిన మనిషి, ఊపిరితిత్తుల కేన్సర్‌తో 1963లో పోయాడు. కానీ ఎవరు ఎక్కడ ఆడితే జట్టు గెలుస్తుందో మైదానంలో చూసి తేల్చిన కోచ్‌గా ఆయన పేరు నిలిచింది.

మా జవాబు ఇది. కోచ్, ఆటగాడు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలి. అది లేకుండా జట్టు లేదు. తాగేవాళ్లు తాగనీ, మాకు అభ్యంతరం లేదు. లిస్టు మాత్రం అక్కడ రాయొద్దు. తప్పు చేసినవాణ్ని క్షమించడం, కొత్తవాడికి అవకాశం ఇవ్వడం, ఒకడి మీద నమ్మకం పెట్టుకోవడం ఇవన్నీ పగటిపూట గ్రౌండులో, అందరి ముందూ జరగాలి. ఆడపిల్లల జట్లు పెరుగుతున్న ఈ కాలంలో ఇది ఒక్క ముస్లింల గొడవే అనుకుంటే పొరపాటు. రాత్రి లాడ్జి గదికి ఏ ఇంటి ఆడపిల్ల పోతుంది?

చివరిగా మా తప్పు ఒకటి. పోయినేడు మా ఆఫీసు క్రికెట్ టీముకు మమ్మల్ని మేనేజర్ని చేశారు. సిట్టింగులు బంద్ చేశాం. మ్యాచ్ అయ్యాక అందరం ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. చాయ్, ఉస్మానియా బిస్కట్లు, గంటలకొద్దీ మాటలు. మా అంత సెక్యులర్ మేనేజరు లేడని లోలోపల పొంగిపోయాం. నెల గడిచాక శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక సబ్ ఎడిటర్ కుర్రాడు రావడం మానేశాడు. ఎందుకని అడిగితే, "మీరంతా ఉర్దూలో నవ్వుకుంటారు సార్, నాకేమీ అర్థం కాదు" అన్నాడు.

ఆ కుర్రాడి ఎదుట మాకు మా సారు గుర్తొచ్చాడు. ఆ వారం నుంచి టీము లిస్టు మ్యాచ్ ముందురోజు సాయంత్రం ఐదు గంటలకు నోటీసుబోర్డు మీద పెడుతున్నాం. చాయ్ దగ్గర తెలుగులోనే మాట్లాడుతున్నాం. నోరు జారి ఉర్దూలోకి పోతే ఆ కుర్రాడే, "సార్, మనం!" అని గుర్తుచేస్తున్నాడు.